మొదటి ట్యాంకు కిట్: ఏ సైజు, ఏ బండి, ఏ రంగు?

ముక్కలుగా వచ్చే ప్లాస్టిక్ కిట్‌తో ట్యాంకు మోడల్ కట్టాలని మనసుపడి ఫోన్‌లో వెతికితే అరగంటలో తల తిరిగిపోతుంది. ఒకే టైగర్ ట్యాంకు పది కంపెనీల డబ్బాల్లో, మూడు సైజుల్లో, ఒకదానికొకటి పొంతన లేని ధరల్లో కనిపిస్తుంది. వీడియోలు చూస్తే ఇంకో తంటా. వాటిలో చెప్పేవాళ్లకు దగ్గర్లోనే హాబీ షాపు ఉంటుంది, ఎండల బాధ అంతగా ఉండదు. మనం ఉన్నది నల్గొండలో, దేవరకొండలో, జడ్చర్లలో, వనపర్తిలో. పచ్చరంగు సీసా పని మధ్యలో అయిపోతే మళ్లీ పార్సెల్ వచ్చేదాకా ఆగాలి. మే నెలలో 44 డిగ్రీల ఎండకు రంగు బ్రష్ మీదే గట్టిపడుతుంది.

కాబట్టి నా లెక్క వేరు. ఏ ట్యాంకు గొప్పది, ఏ కంపెనీ రివెట్లు సరిగ్గా వేసింది అన్నది తర్వాత చూసుకోవచ్చు. మీ ఊళ్లో, మీ గదిలో ఉంటూ చివరిదాకా కట్టి రంగు వేయగలిగే కిట్టే మొదటి కిట్ కావాలి.

కొనే ముందు ఏం చూసుకోవాలి

మొదటిది, అయిపోతే ఎక్కడ దొరుకుతుంది? జిగురు, రంగు, థిన్నర్ (రంగును పలచన చేసే ద్రవం) మూడింటికీ ఈ ప్రశ్న వేసుకోండి. నూనె రకం ఎనామెల్, ఘాటు ద్రావకంతో చేసే లాకర్ రంగులు, వాటి థిన్నర్లు మండే సరుకు. వాటిని మామూలు పార్సెల్‌లా విమానంలో పంపరు, రోడ్డు మీదే రావాలి, ఆలస్యం అవుతుంది. నీటితో కలిపే అక్రిలిక్ రంగులకు ఈ బెడద లేదు.

రెండోది గాలి. ఒకే కిటికీ ఉన్న అద్దె గదిలో, అదే గదిలో పడుకుంటూ, మూలన గ్యాస్ స్టవ్ పెట్టుకుని లాకర్ రంగు కొట్టడం పిచ్చిపని. ఈ ఒక్క విషయంతోనే సగం ఎంపికలు పక్కకు పోతాయి.

తర్వాత మీ కళ్లు, మీ టేబుల్, మీ ఓపిక. బియ్యపు గింజలో సగం ఉండే ముక్కను శ్రావణంతో పట్టుకుని అతికించడం కొందరికి సరదా, కొందరికి శిక్ష. మీరు ఏ రకమో ముందే ఒప్పుకుంటే డబ్బు మిగులుతుంది.

డబ్బు సంగతి కూడా ఒక మాట. డబ్బా మీది ధరే ఖర్చు అనుకోవద్దు. మొదటిసారి కొనేవాళ్లకు కట్టర్, జిగురు, రంగులు, బ్రష్‌లు కలిపి ఇంచుమించు డబ్బా ఖరీదు అంతే అవుతుంది. ఉన్న డబ్బు మొత్తం కిట్ మీద పెడితే అది అటక మీదే ఉండిపోతుంది.

సైజు: 1/35, 1/48, 1/72

1/35 అంటే అసలు బండిలో ముప్పై అయిదో వంతు. ఈ అంకె ఎవరూ శాస్త్రం చూసి పెట్టింది కాదు. జపాన్ కంపెనీ టామియా 1960ల మొదట్లో మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు చేసినప్పుడు, లోపల బ్యాటరీలు పట్టేలా ఎంత సైజు కావాలో అంతే చేసింది. తర్వాత కొలిచి చూస్తే సుమారు 1/35 వచ్చింది. మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. ఇవాళ ట్యాంకు మోడళ్లలో ఎక్కువ రకాలు దొరికే సైజు ఇదే.

జర్మన్ టైగర్ 1 ట్యాంకు ఫిరంగి గొట్టంతో కలిపి 8.45 మీటర్లు. అది ఏ సైజులో ఎంత ఉంటుందో చూడండి.

| సైజు | టైగర్ పొడవు | రకాలు | ముక్కల తీరు | ఎవరికి |
|---|---|---|---|---|
| 1/35 | సుమారు 24 సెం.మీ. | చాలా ఎక్కువ | పాత కిట్లలో తక్కువ, కొత్తవాటిలో విపరీతం | టేబుల్ ఉన్నవాళ్లకు, నలభై దాటిన కళ్లకు |
| 1/48 | 17.6 సెం.మీ. | తక్కువ, ఎక్కువగా రెండో ప్రపంచ యుద్ధానివే | తక్కువ, శుభ్రంగా కూర్చుంటాయి | చిన్న గది, తొందరగా పూర్తికావాలి అనుకునేవాళ్లకు |
| 1/72 | 11.7 సెం.మీ. | ఎక్కువ | కొన్ని జిగురు లేకుండానే నొక్కితే పట్టుకుంటాయి | పిల్లలకు, రంగు ప్రాక్టీసుకు, వరసగా చాలా కట్టేవాళ్లకు |

చిన్నది కదా, సులువు అనుకుని 1/72 కొంటారు చాలామంది. కట్టడం సులువే, రంగు దగ్గరే కష్టం. అంగుళమంత టరెట్ (పైన తిరిగే ఫిరంగి గది) మీద చేయి కొంచెం వణికినా గీత కనిపిస్తుంది. 1/35లో అదే వణుకు మట్టి మరక కింద దాగిపోతుంది. అందుకే పెద్దవాళ్లు మొదటి కిట్‌గా 1/35 తీసుకోవడమే మంచిది. పదేళ్ల పిల్లాడికైతే జ్వెజ్దా కంపెనీ నొక్కుడు కిట్లు బాగుంటాయి. జిగురు వాసన లేదు, సాయంత్రానికల్లా చేతిలో ట్యాంకు ఉంటుంది.

1/48 నాకు ఇష్టమైన సైజు, కానీ అందరికీ చెప్పను. భారత సైన్యం వాడిన బండ్లు కట్టాలని ఉంటే ఈ సైజులో వెతకడమే పెద్ద పని.

డబ్బాలో ఎన్ని ముక్కలు?

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. మినీఆర్ట్ కంపెనీ కిట్లలో లోపలి ఇంజిన్, సీట్లు, గుండ్లు అన్నీ ఉండే రకం ఉంది. వాటిలో వెయ్యికి పైగా ముక్కలుంటాయి. మూత వేశాక లోపలిది కనిపించదు. టామియా పాత కిట్లలో ముక్కలు అందులో నాలుగో వంతు కూడా ఉండకపోవచ్చు, ఒకదానిలో ఒకటి చక్కగా కూర్చుంటాయి. పాత అచ్చు కాబట్టి వివరాలు కాస్త మొద్దుగా ఉంటాయి, కొలతల్లో తేడాలూ ఉంటాయి. కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాళ్లకు అవి నచ్చవు. మొదటి కిట్‌కు మాత్రం నేను కళ్లు మూసుకుని టామియా అంటాను. టాకోమ్, మెంగ్ వంటి కంపెనీలవి రెండోసారికో మూడోసారికో.

ట్రాకుల (చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీల) సంగతీ ముందే చూసుకోండి. కొన్ని డబ్బాల్లో మెత్తటి వినైల్ బెల్టు వస్తుంది, చుట్టి కలిపేస్తే పని అయిపోతుంది. కొన్నింటిలో లింకు లింకూ విడిగా కట్టాలి. టైగర్‌కు ఒక్కో పక్క 96 లింకులు. రెండు పక్కలకూ కలిపి 192 లింకులను కత్తిరించి, మొన తీసి, రుద్ది అతికించాలి. ఓపిక ఉన్నవాళ్లకు ఇది మంచి పనే. ఉద్యోగం నుంచి రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరేవాళ్లకు కాదు.

ఏ బండి?

అందరూ టైగర్ అంటారు. దాని చక్రాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి, అన్నీ బిగించాక లోపలి వరసకు బ్రష్ అందదు. పైగా 1943 తర్వాతి జర్మన్ బండ్లకు ముదురు పసుపు మీద పచ్చ, ఎర్ర గోధుమ రంగులు నీడల్లా కలిసిపోయే డిజైను. అది గాలి ఒత్తిడితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ పని. చేతి బ్రష్‌తో వేస్తే మచ్చలు మచ్చలుగా వస్తుంది.

ఒకే రంగు ఉన్న బండి తీసుకోండి. అలాంటివి కొన్ని:

*షెర్మన్.* రెండో ప్రపంచ యుద్ధపు అమెరికా ట్యాంకు. ఆలివ్ పచ్చ ఒక్కటే. ట్రాక్ పైన చిన్న చక్రాలుండి బిగుతుగా ఉంటుంది, కాబట్టి వినైల్ బెల్టు కూడా సహజంగా కనిపిస్తుంది. మన దగ్గరి చరిత్రతోనూ దీనికి సంబంధం ఉంది. 1948 సెప్టెంబరు పోలీస్ యాక్షన్‌లో భారత సైన్యం షెర్మన్లు, స్టువర్టులు (తేలిక ట్యాంకులు) వాడింది. ప్రధాన దళం షోలాపూర్ వైపు నుంచి వచ్చింది. విజయవాడ వైపు నుంచి వచ్చిన దళం కోదాడ, మునగాల, సూర్యాపేట దారి పట్టింది. వెనక్కి తగ్గుతున్న నిజాం సేన మూసీ వంతెనను పేల్చేసింది. ఆ దృశ్యం కట్టాలని నల్గొండ వాళ్లకు ఎవరికైనా అనిపిస్తుంది. ఏ దారిలో ఏ బండ్లు వచ్చాయో చదివి మరీ కట్టండి.

*సెంచూరియన్.* 1971 డిసెంబరు 16న పాకిస్తాన్‌తో జరిగిన బసంతర్ యుద్ధంలో సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ నడిపింది ఈ రకం ట్యాంకునే. ఆయనకు మరణానంతరం పరమవీర చక్ర వచ్చింది. టామియా 1/35 కిట్ పాతదే అయినా కట్టడం సులువు. పక్క రేకులు ట్రాక్ పైభాగాన్ని కప్పేస్తాయి, అంటే సగం పని తప్పుతుంది.

*టీ-55.* సోవియట్ ట్యాంకు. చక్రాలు పక్కకు అయిదే, వెంటనే అయిపోతాయి. మొదటి చక్రానికీ రెండోదానికీ మధ్య కాస్త ఎక్కువ ఖాళీ ఉంటుంది, గుర్తుపట్టడానికి అదే ఆనవాలు. చిక్కు ఒక్కటే. దీనికి పైన చిన్న చక్రాలు లేవు, అసలు బండిలో బరువైన ట్రాక్ వేలాడి చక్రాల మీద వాలుతుంది. వినైల్ బెల్టు అలా వాలదు, గాల్లో నిలబడుతుంది. పైన కనపడకుండా జిగురు చుక్కలు పెట్టి చక్రాలకు అంటించాలి.

*బీఎంపీ-2.* ఖచ్చితంగా చెప్పాలంటే ట్యాంకు కాదు, సైనికులను మోసే కవచ వాహనం. కానీ మన సైన్యంలో శరథ్ పేరుతో తిరిగే ఈ బండి తయారయ్యేది సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఫ్యాక్టరీలోనే. మన రాష్ట్రంలో తయారైన బండిని షెల్ఫులో పెట్టుకోవాలంటే ఇదే.

వీటిలో భారత సైన్యం గుర్తుల స్టిక్కర్లు అన్ని డబ్బాల్లోనూ రావు. డబ్బా పక్కన ఉండే బొమ్మ చూసి కొనండి, లేకపోతే సన్న బ్రష్‌తో మీరే రాయాలి.

రంగు: అసలు పరీక్ష ఇక్కడే

| రంగు | పలచన చేసేది | వాసన | చేతి బ్రష్‌తో | మన ఎండలో |
|---|---|---|---|---|
| నీటి అక్రిలిక్ (వలేహో వంటివి) | నీళ్లు, దాని థిన్నర్ | దాదాపు లేదు | చాలా బాగుంటుంది | త్వరగా ఆరిపోతుంది |
| టామియా అక్రిలిక్ | దాని థిన్నర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ | ఓ మోస్తరు | కష్టం | ఎయిర్‌బ్రష్‌లో మొన దగ్గర గడ్డ కడుతుంది |
| ఎనామెల్ (హంబ్రాల్ వంటివి) | టర్పెంటైన్ | ఘాటు | బాగుంటుంది, నెమ్మదిగా ఆరుతుంది | ఎండ మేలే చేస్తుంది |
| లాకర్ | లాకర్ థిన్నర్ | చాలా ఘాటు | వద్దు | వానాకాలం తేమకు తెల్లబారుతుంది |
| క్రాఫ్ట్ అక్రిలిక్ (ఫెవిక్రిల్, క్యామెల్) | నీళ్లు | తక్కువ | చిక్కగా పడి వివరాలు పూడిపోతాయి | త్వరగా ఆరిపోతుంది |

టామియా రంగు సీసాలు ముచ్చటగా ఉంటాయి, కిట్ కాగితంలో వాటి నంబర్లే ఉంటాయి. దాంతో కొత్తవాళ్లు అవే కొంటారు. బ్రష్‌తో రెండో కోటు వేస్తే కింద కోటును కరిగించి లేపేస్తుంది. అది ఎయిర్‌బ్రష్ కోసం పుట్టిన రంగు. బ్రష్ పనికి వలేహో మోడల్ కలర్ తీసుకోండి.

వలేహోకు ఒక బలహీనత ఉంది. నున్నటి ప్లాస్టిక్ మీద నేరుగా వేస్తే గోటితో గీకినా ఊడిపోతుంది, ముందు ప్రైమర్ (అడుగు పూత) తప్పనిసరి. హాబీ ప్రైమర్ దొరక్కపోతే బైకులకు రంగు వేసే షాపుల్లో దొరికే బూడిద రంగు ప్రైమర్ స్ప్రే పనిచేస్తుంది, కానీ జాగ్రత్తగా. అందులోని ద్రావకం ప్లాస్టిక్‌ను తినగలదు. ముందు పారేసే స్ప్రూ (కిట్ ముక్కలు అంటి ఉండే ప్లాస్టిక్ చట్రం) ముక్క మీద కొట్టి చూడండి. తర్వాత డాబా మీద, గాలి లేని పొద్దుటిపూట, జానెడు పైన దూరం నుంచి పలచటి పొరలుగా వేయండి.

క్రాఫ్ట్ రంగులు మీ ఊరి స్టేషనరీ షాపులోనే దొరుకుతాయి, చవక కూడా. ట్యాంకుకు వద్దు. ట్యాంకు కింది నేల, గోడలు, చెట్ల మొదళ్లకు బ్రహ్మాండంగా ఉంటాయి.

ఎనామెల్‌ను పూర్తిగా కొట్టిపారేయొద్దు. నీటి అక్రిలిక్ పొర ఆరి, దాని మీద వార్నిష్ వేశాక, నల్ల గోధుమ ఎనామెల్‌ను టర్పెంటైన్‌లో బాగా పలచన చేసి గాడుల్లోకి వదిలితే సందులన్నీ స్పష్టంగా బయటికొస్తాయి. దీన్నే వాష్ అంటారు. టర్పెంటైన్ కింది అక్రిలిక్‌ను కరిగించదు కాబట్టే ఈ జత కుదురుతుంది. ఎక్కువ పోసి సందుల్లో నిలవనిస్తే మాత్రం ప్లాస్టిక్ పెళుసెక్కి అతుకుల దగ్గర పగులుతుంది.

హార్డ్‌వేర్ షాపు వాడు థిన్నర్ అని ఇచ్చేది చాలాసార్లు ఎన్‌సీ థిన్నర్, అంటే ఘాటైన లాకర్ థిన్నర్. దాన్ని ఈ బల్ల దగ్గరికే రానివ్వొద్దు. కిట్ ప్లాస్టిక్ పాలీస్టైరీన్, థర్మాకోల్ కూడా అదే పదార్థం. థర్మాకోల్ మీద ఆ థిన్నర్ చుక్క వేసి చూస్తే ట్యాంకుకు ఏమవుతుందో తెలిసిపోతుంది. గోళ్ల రంగు తుడిచే అసిటోన్ కూడా అంతే.

బ్రష్షా, ఎయిర్‌బ్రష్షా?

ఎయిర్‌బ్రష్‌తో వచ్చే నునుపు బ్రష్‌తో రాదు, ఒప్పుకోవాలి. కానీ దాని వెనక కంప్రెసర్, గొట్టాలు, ఆవిరిని ఆపే ఫిల్టర్ మాస్కు, బయటికి గాలి తోసే ఫ్యాను, ప్రతిసారీ సూది విప్పి కడగడం ఉన్నాయి. పది నిమిషాల రంగుకు అరగంట కడుగుడు. పక్క గదిలో పరీక్షలకు చదివే పిల్లలుంటే కంప్రెసర్ చప్పుడుకు ఇంట్లో గొడవ ఖాయం. రెండు మూడు కిట్లు పూర్తిచేసి, ఇంకా కడతాను అన్న నమ్మకం కుదిరాక కొనుక్కోవచ్చు.

చేతి బ్రష్‌కు మన వేసవిలో ఒక చిట్కా ప్రాణం పోస్తుంది. స్టీలు టిఫిన్ డబ్బా మూతలో టిష్యూ పేపర్ మడత పరిచి నీళ్లతో తడపండి. దాని మీద బటర్ పేపర్ ముక్క వేసి, రంగును ఆ కాగితం మీద కలుపుకోండి. కింది తడి కాగితం గుండా నెమ్మదిగా పైకి వస్తుంటుంది కాబట్టి రంగు గంటల తరబడి పచ్చిగా ఉంటుంది. పని ఆపినప్పుడు డబ్బా మూసేస్తే సరి. సీలింగ్ ఫ్యాను ఆపాలి, వేరే దారి లేదు. తిరుగుతుంటే రంగు ఆరిపోతుంది, దుమ్ము వచ్చి అంటుకుంటుంది. మే నెలలో అది తపస్సే, అందుకే ఆ నెలంతా నేను పొద్దున ఆరింటి నుంచి ఎనిమిదింటి మధ్యే రంగు పని పెట్టుకుంటాను. ఒక చిక్కటి కోటు బదులు రెండు మూడు పలచటి కోట్లు వేయండి, సగం ఆరిన చోట మళ్లీ బ్రష్ తిప్పొద్దు.

ఊళ్లో దొరికే సామాను

సన్నమొన శ్రావణం, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సెల్‌ఫోన్ రిపేరు సామాన్ల షాపులో దొరుకుతాయి. 11 నంబరు సర్జికల్ బ్లేడు, రంగు కొలవడానికి సిరంజి మెడికల్ షాపులో. సన్న ఆకురాళ్లు అవుసలి పనిముట్లు అమ్మేచోట. 400, 600, 1000 నంబర్ల వాటర్ పేపర్ ఏ పెయింట్ షాపులోనైనా. ప్లాస్టిక్ జిగురు మాత్రం తెప్పించుకోవాల్సిందే. ఫెవిక్విక్ అతుకుతుంది గానీ సర్దుకునే టైమ్ ఇవ్వదు. అసలు జిగురు రెండు ముక్కల అంచులను కరిగించి ఒకటి చేస్తుంది, అతుకు గీత మాయమవుతుంది. ఫెవిక్విక్‌ను కొన్ని కిట్లలో వచ్చే ఇత్తడి రేకు ముక్కలకు దాచుకోండి.

మట్టి పూత: కొన్న పొడా, మన నేలా?

వెదరింగ్ పొడులు (మట్టి, దుమ్ము పట్టినట్టు చూపేవి) సీసాల్లో అమ్ముతారు. మెత్తగా ఉంటాయి, రంగులు నికరంగా ఉంటాయి. పాలమూరు చల్కా నేల ఎర్రమట్టిని ఎండబెట్టి, పలచటి బట్టలో జల్లించినా నేలకు, ట్రాకుల కింది బురదకు సరిపోతుంది. ట్యాంకు పైభాగం మీద మాత్రం కొన్న పొడే వాడండి. జల్లించిన మట్టి రేణువు కూడా 1/35 లెక్కలో గులకరాయిలా కనిపిస్తుంది.

ఎక్కడ ఎంత మట్టి వేయాలో తెలియాలంటే ఫొటోలకన్నా మంచి గురువు మన ఊళ్లోనే ఉంది. కాలువ పనిలో ఉన్న పొక్లెయిన్‌నో, వరి కోసే చైన్ మిషన్‌నో దగ్గర నిలబడి చూడండి. నేలను తాకే ఇనుప అంచు వెండిలా మెరుస్తుంటుంది. లింకు లోపలి గుంటలో పాత మట్టి గట్టిపడి లేత రంగులో, దాని మీద ఇవాళ్టి తడి మట్టి ముదురుగా ఉంటుంది. చక్రం మధ్యలో గ్రీజు కారి నల్లటి చార. పైన బాడీ మీద మట్టి కాదు, దుమ్ము. ఎక్కి దిగే మెట్టు దగ్గర చెప్పుల రాపిడికి రంగు లేచిపోయి ఉంటుంది. కొత్తవాళ్లు ట్యాంకంతా ఒకే తుప్పు రంగు పూస్తారు. వరుసగా పనిలో ఉన్న బండి ట్రాక్ అంత తుప్పు పట్టదు.

ఎవరికి ఏది

హాస్టల్‌లోనో అద్దె గదిలోనో ఉండే విద్యార్థికి: 1/48 లేదా 1/72, వలేహో మూడు నాలుగు సీసాలు, రెండు బ్రష్‌లు. సామానంతా ఒక చెప్పుల డబ్బాలో పట్టాలి. ఎనామెల్ వద్దు, పక్కమంచం వాడితో తగువు వస్తుంది.

ఉద్యోగం చేస్తూ ఆదివారం మాత్రమే దొరికేవాళ్లకు: టామియా 1/35 షెర్మన్ లేదా సెంచూరియన్, బెల్టు ట్రాక్. ఒక ఆదివారం చక్రాలు, ఇంకో ఆదివారం టరెట్ అని భాగాలుగా సాగుతుంది, మధ్యలో ఆపినా చెడిపోదు.

రిటైరైన మాస్టార్లకు: 1/35 టీ-55, తలకు పెట్టుకునే భూతద్దం, మంచి టేబుల్ లైటు. సమయం ఉంది కాబట్టి విడి లింకుల ట్రాకు తీసుకున్నా నష్టం లేదు. ఎనామెల్ నెమ్మదిగా ఆరుతుంది, తప్పు పడితే దిద్దుకోవచ్చు. వరండా ఉంటే వాసన బాధా లేదు.

ఇంట్లో పాకే పిల్లలుంటే బ్లేడు, థిన్నర్, ఫెవిక్విక్ మూడూ తాళం వేసే అరలో ఉండాలి. అలాంటి అర లేకపోతే రెండేళ్లు ఆగి మొదలుపెట్టండి.

ఇప్పటికే ఆరాటపడి వెయ్యి ముక్కల టైగర్ కొనేసినవాళ్లు దాన్ని అమ్మేయనక్కర్లేదు. చవకలో ఒక 1/72 తెచ్చి ప్రైమర్, కోట్లు, వాష్ అన్నీ దాని మీద ప్రయత్నించండి. టైగర్ డబ్బా తెరిచినప్పుడు చక్రాలకు స్ప్రూ మీద ఉండగానే రంగు వేసి, లోపలి వరస బిగించాకే బయటి వరస జోలికి వెళ్లండి. డబ్బాను రేకుల కప్పు కింద పెట్టొద్దు, ఎండలో ఆపిన కారులో అసలే వదలొద్దు. గొట్టం వంగిపోతే దాన్ని నిటారు చేయడం కష్టం.